ఒంటిపూట బడి దగ్గరే మొదలవ్వాల్సిన పాఠం

మార్చి నెల సగానికి వస్తుంటే హైదరాబాద్‌లో ఏ బడి పిల్లల్ని పలకరించినా ఒకటే ప్రశ్న, ఒంటిపూట బడులు ఎప్పట్నుంచి అని. మామూలుగా మార్చి 15న మొదలవుతాయి, పొద్దున ఎనిమిదింటికి గంట కొడతారు, పన్నెండున్నరకి వదిలేస్తారు, అంటే ఎండ సరిగ్గా నడినెత్తికి ఎక్కిన వేళకి పిల్లలు బ్యాగు వీపున తగిలించుకుని తారురోడ్డు మీద ఇంటిదారి పడతారు. ఎండ వాళ్ల ఒంటికి తెలుసు. గల్లీలో వాటర్ ట్యాంకర్ ఆగితే బిందెలు పట్టుకుని పరిగెత్తడం తెలుసు, వానాకాలంలో నాలా పొంగితే బడికి సెలవిస్తారని తెలుసు. ఇన్ని తెలిసిన అదే పిల్లాణ్ని వాతావరణ మార్పు అంటే ఏంటి నాన్నా అని అడిగి చూడండి, మంచు కరిగిపోయి దిక్కుతోచక నిలబడ్డ ఎలుగుబంటి, ఓజోన్ పొరకు చిల్లు, చెట్లు నాటుదాం, ప్లాస్టిక్ మానేద్దాం అని గడగడా అప్పజెప్పేస్తాడు. తన ఒంటికి తగిలిన ఎండకూ, తను అప్పజెప్పిన పాఠానికీ మధ్య ఒక్క దారం కూడా ఉండదు. విద్యార్థుల్లో అవగాహన పెంచాలి అని అందరూ అంటున్నారు, ముందు కట్టాల్సింది ఈ దారం.

చిక్కు అసలు మాట దగ్గరే ఉంది. తెలుగులో వాతావరణం అనే మాటని ఎన్నిటికి వాడతామో ఒకసారి లెక్కపెట్టండి. భూమి చుట్టూ ఉన్న గాలి పొర వాతావరణం, రేపు వాన పడుతుందా లేదా అన్నదీ వాతావరణమే, పెళ్లింట్లో పండగ వాతావరణం, ఎన్నికలొస్తే రాజకీయ వాతావరణం. దానికే మార్పు తగిలించి వాతావరణ మార్పు అంటే పిల్లాడికి ఏం అర్థమవుతుంది? పొద్దున ఎండ కాసింది, సాయంత్రం ఉరుములతో వాన కొట్టింది, వాతావరణం మారింది, అందులో వింతేముంది? పాఠ్యపుస్తకంలో దీనికి శీతోష్ణస్థితి అనే సరైన మాట ఉంది, పదో తరగతి సోషల్‌లో భారతదేశ శీతోష్ణస్థితి అని ఒక పాఠమే ఉంటుంది, కానీ పరీక్ష హాలు దాటాక ఆ మాట ఇంట్లోనూ వినపడదు, టీవీలోనూ వినపడదు. వాతావరణం అంటే ఈ రోజుది, శీతోష్ణస్థితి అంటే కనీసం ముప్పై ఏళ్ల సగటు, ఈ ఒక్క తేడా పిల్లల బుర్రలో స్థిరపడకుండా పైన ఎన్ని పాఠాలు పేర్చినా నిలబడవు.

ఈ తేడా చెప్పడానికి మన దగ్గర ఉన్నంత మంచి సామగ్రి మరెక్కడా ఉండదేమో. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి అంటాం. మృగశిర కార్తెలో ముంగిళ్లు చల్లబడతాయి అంటాం. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుంది అంటాం. ఇవన్నీ ఒక రోజు చూసి అన్న మాటలు కావు, ఎన్నో తరాల వాళ్లు పొలం గట్టున నిలబడి ఏటికేడు చూసి, చూసి, తేల్చిన సగటు, అంటే అచ్చమైన శీతోష్ణస్థితి. ఈ రోజు రోహిణిలో వాన పడిందంటే అది వాతావరణం. మృగశిర ప్రవేశించే రోజున నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో ఉబ్బసం తగ్గుతుందన్న నమ్మకంతో చేప ప్రసాదం కోసం బారులు తీరతారు, రాంనగర్ చేపల మార్కెట్లో కాలు పెట్టడానికి సందు ఉండదు, ఎందుకంటే ఎండలు తగ్గి ఒక్కసారిగా చల్లబడే ఆ వేళకి ఒంట్లో వేడి పుట్టాలని పెద్దలు అనుకున్నారు. ఆ కార్తె జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది, నైరుతి రుతుపవనాలు హైదరాబాద్‌ని తాకాల్సిన సగటు తేదీ కూడా దాదాపు అదే. సామెతా, వాతావరణ శాఖ లెక్కా ఒకే చోట కలుస్తున్నాయి, పిల్లలకు ఇంతకంటే ఏం కావాలి.

ఇక ఆ సామెత తప్పిన ఏడాది చూడండి. 2023లో మృగశిర వచ్చింది గానీ వాన రాలేదు, తెలంగాణలోకి రుతుపవనాలు వచ్చేసరికి జూన్ మూడో వారం దాటింది. జూలై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది, రాష్ట్రంలో అంతకు ముందెప్పుడూ అంత నమోదు కాలేదు. మళ్లీ ఆగస్టు వచ్చేసరికి దేశం మొత్తం మీద 1901 నుంచి ఎన్నడూ లేనంత పొడి ఆగస్టు. ఒకే సీజన్‌లో ఆలస్యం, ముంచెత్తడం, ఎండగట్టడం మూడూ అయ్యాయి. ఇక్కడ టీచర్ జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే ఒక్క 2023ని చూపించి ఇదిగో శీతోష్ణస్థితి మారిపోయింది అంటే అది కూడా అదే పొరపాటు. ఒక ఏడాది సాక్ష్యం చాలదు. కార్తెలు ఎన్నేళ్లకోసారి తప్పుతున్నాయి, ఆ తప్పడం తరచు అవుతోందా అన్నదే అసలు ప్రశ్న, ఆ ప్రశ్న అడగడం వస్తే పిల్లాడికి సగం సైన్సు వచ్చినట్టే.

మాట అడ్డం పడుతోందనడానికి పెద్ద ఆధారమే ఉంది. అమెరికాలోని యేల్ యూనివర్సిటీ వాళ్లు 2022లో బయటపెట్టిన సర్వేలో మన దేశంలో పెద్దవాళ్లను అడిగితే, గ్లోబల్ వార్మింగ్ గురించి కొంచెమే తెలుసు లేదా ఎప్పుడూ వినలేదు అన్నవాళ్లు 54 శాతం. అదే జనానికి రెండు ముక్కల్లో అర్థం చెప్పి, ఇది జరుగుతోందని మీరు అనుకుంటున్నారా అని అడిగితే అవును అన్నవాళ్లు 84 శాతం. అంటే జనానికి విషయం తెలుసు, పేరు తెలీదు. పిల్లల విషయంలో దీని తలకిందులు జరుగుతోంది, పేరు నోటికి వచ్చు, విషయం చేతికి అందలేదు.

వేడి ఎందుకు పెరుగుతోంది అన్నది కూడా ఇంటి దగ్గరి అనుభవంతోనే చెప్పొచ్చు. చలికాలంలో ఆకాశం నిర్మలంగా, చుక్కలు కనపడుతున్న రాత్రి చలి గజగజలాడిస్తుంది, మబ్బు పట్టిన రాత్రి అంత చలి ఉండదు. ఇది చెప్పడానికి సైన్సు టీచర్ అక్కర్లేదు, వాచ్‌మన్‌ని అడిగినా చెప్తాడు. కారణం ఏంటంటే పగలు ఎండకు వేడెక్కిన నేల రాత్రంతా ఆ వేడిని కంటికి కనపడని కిరణాలుగా పైకి వదులుతుంది, మబ్బు ఆ వేడిని పీల్చుకుని కొంత కిందికే తిప్పి పంపుతుంది. గాలిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్, మీథేన్, నీటి ఆవిరి చేసే పనీ అదే, కాకపోతే కార్బన్ డయాక్సైడ్ మబ్బులా తెల్లారేసరికి చెదిరిపోదు, వందల ఏళ్లు ఉంటుంది. ఫ్యాక్టరీలు రాకముందు గాలిలో ప్రతి పది లక్షల అణువుల్లో 280 దాకా ఉండేది, ఇప్పుడు 420 దాటింది. భూమి సగటు ఉష్ణోగ్రత 1850-1900 నాటితో పోలిస్తే 2011-2020 దశాబ్దానికి 1.1 డిగ్రీలు పెరిగింది, 2024 ఒక్క ఏడాదినే తీసుకుంటే 1.5 డిగ్రీలు కూడా దాటింది. ఇందులో ఓజోన్ పొర చిల్లు అన్న మాట ఎక్కడా రాలేదు, గమనించండి. ఆ రెండూ వేరు వేరు సంగతులు, చిల్లులోంచి వేడి లోపలికి వస్తోంది అనుకోవడం చాలా దేశాల పిల్లల్లో విద్యా పరిశోధకులు 1990ల నుంచి చూస్తున్న పొరపాటే, మన బడి చార్టుల్లో ఇప్పటికీ అలాగే అతుక్కుని ఉంది.

డిగ్రీన్నర అంటే ఏముంది, పొద్దున్నుంచి మధ్యాహ్నానికే పదిహేను డిగ్రీలు మారుతుంది కదా అని పిల్లలు అడుగుతారు, అడగాలి కూడా. ఒంటి జ్వరంతో పోల్చి చెప్తే వెంటనే అందుతుంది, బయట ఎంత మారినా ఒళ్లు ఒక సగటు దగ్గర ఉండాలి, అది డిగ్రీన్నర పెరిగితే మంచం పట్టేస్తాం. దీనికి తోడు గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టి ఉంచగలదు, అందుకే పడనప్పుడు చుక్క పడదు, పడితే ఒక్కసారిగా కుమ్మరిస్తుంది.

ఇంతకంటే గట్టి ప్రశ్న ఒకటుంది. హైదరాబాద్‌లో బేగంపేటలో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 45.5 డిగ్రీలు, అది 1966 జూన్ 2న. ఏ తెలివైన పిల్లాడో లేచి, అరవై ఏళ్ల కిందటే అంత ఎండ కాస్తే ఇంక మార్పు ఎక్కడుంది మేడమ్ అంటే చాలామంది టీచర్లు కూర్చో అంటారు. కూర్చోబెట్టకూడదు, ఆ రోజు క్లాసంతా ఆ ప్రశ్న మీదే నడవాలి. రికార్డు అంటే ఒక్క రోజు, అది వాతావరణం. క్రికెట్‌లో ఒకడు ఎప్పుడో ఒక మ్యాచ్‌లో డబుల్ సెంచరీ కొట్టాడు, ఇంకొకడు కొట్టలేదు గానీ సగటు ఏటేటా పెరుగుతోంది, ఎవరు ఫామ్‌లోకి వచ్చారంటే ఏం చూస్తాం? సగటు చూస్తాం. 1901 నుంచి 2018 మధ్య మన దేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ లెక్క. పిల్లలకు అవగాహన వచ్చిందో లేదో తెలియాలంటే వ్యాసరచన పోటీ పెట్టక్కర్లేదు, ఈ 1966 ప్రశ్నకి తన మాటల్లో జవాబు చెప్పగలరా అని చూస్తే సరిపోతుంది.

మరి చదువుల్లో దీనికి చోటు లేదా అంటే, కాగితం మీద చాలానే ఉంది. పర్యావరణ విద్యను అన్ని స్థాయిల్లో తప్పనిసరి చేయమని ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది, 2003లో నమూనా సిలబస్ తయారు చేయమని ఎన్‌సీఈఆర్‌టీకి చెప్పింది. బడుల్లో జాతీయ హరిత దళం పేరుతో ఎకో క్లబ్బులు ఇరవై ఏళ్ల పైనుంచి ఉన్నాయి. వంద దేశాల పాఠ్య ప్రణాళికలు చూస్తే 47 శాతంలో వాతావరణ మార్పు ప్రస్తావనే లేదని యునెస్కో 2021లో తేల్చింది, ఆ లెక్కన మనం ముందున్నట్టే. కానీ మన ఇంటర్ ఫస్టియర్ పిల్లల సంగతి చూడండి, పర్యావరణ విద్య అని ఒక పరీక్ష ఉంటుంది, పాస్ అవ్వాలి గానీ మార్కులు మొత్తంలో కలవవు. మార్కులు కలవని సబ్జెక్టుకి ఐఐటీ, నీట్ టెన్షన్ మధ్య ఒక పిల్లాడు ఎంత టైమ్ ఇస్తాడో చెప్పక్కర్లేదు, పరీక్ష ముందు రోజు రాత్రి నాలుగు ప్రశ్నలు చూసుకుని వెళ్తాడు. చిన్న తరగతుల్లో ప్రాజెక్టు వర్క్ అంటే స్టేషనరీ షాపులో దొరికే బొమ్మల షీటు కొని కత్తిరించి చార్టుకి అంటించడం, భూగోళం నోట్లో థర్మామీటర్, నెత్తిన గుడ్డ, పక్కన ఒక పచ్చని చెట్టు. ఆ బొమ్మ వేసిన పిల్లల్ని తక్కువ చేయడానికి ఇది చెప్పడం లేదు, వాళ్ల చేతికి మనం ఇచ్చింది అంతే.

ఇంకో గందరగోళం కూడా ఇక్కడే తీర్చుకోవాలి. పచ్చగా కనపడేదంతా ఒకే మూటలో కట్టి పిల్లల ముందు పెడుతున్నాం. మట్టి వినాయకుణ్ని పెడితే హుస్సేన్‌సాగర్ నీటికి మంచిది, పెట్టాలి కూడా, కానీ దానివల్ల భూమి వేడి తగ్గదు. ప్లాస్టిక్ కవర్లు నాలాలకు అడ్డం పడి వీధులు మునుగుతాయి, అది వేరే జబ్బు. మొక్క నాటడం మంచిదే, కానీ ఒక పెద్ద చెట్టు ఏడాదంతా కష్టపడి పీల్చుకునే కార్బన్ డయాక్సైడ్ పదుల కిలోల్లోనే ఉంటుంది. పక్కనే ఈ లెక్క పెట్టి చూడండి: మన దేశంలో ఒక యూనిట్ కరెంటు తయారు కావాలంటే సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది, ఒకటిన్నర టన్నుల ఏసీ రాత్రంతా నడిస్తే సుమారు పది యూనిట్లు, అంటే ఒక్క రాత్రికి ఏడు కిలోలు. హైదరాబాద్‌లో ఆ స్విచ్ వేస్తే ఎక్కడో రామగుండంలోనో కొత్తగూడెంలోనో సింగరేణి బొగ్గు మండుతోంది, పొగ ఇక్కడ కనపడదు కాబట్టి కరెంటు శుభ్రమైనది అనుకుంటాం. ప్రతి పిల్లాడూ ఇంటి కరెంటు బిల్లు తెచ్చి, యూనిట్లను 0.7తో గుణిస్తే చాలు, లెక్కల క్లాసే సైన్సు క్లాసు అవుతుంది. ఇప్పుడు 200 యూనిట్ల లోపు వాడే ఎన్నో ఇళ్లకు జీరో బిల్లు వస్తోంది, డబ్బు సున్నా అయినా బిల్లు మీద యూనిట్లు ఉంటాయి, అదే అక్కడ చూడాల్సిన అంకె.

అయితే ఈ గుణకారం చేయించేటప్పుడే ఒక న్యాయం పాటించాలి. గాజుల రామారం బస్తీలో ఒక ఫ్యాను, రెండు బల్బుల ఇంట్లో ఉండే పిల్లకీ, నాలుగు ఏసీలు, రెండు కార్లు ఉన్న ఇంటి పిల్లకీ మనందరం భూమిని పాడు చేస్తున్నాం అని ఒకే పాఠం చెప్తే అది అబద్ధం. సగటున ఒక భారతీయుడి వాటా ఏడాదికి రెండు టన్నుల చిల్లర, అమెరికాలో ఒక మనిషిది దాదాపు పద్నాలుగు టన్నులు. మన దేశంలో మన నగరంలోనే అలాంటి తేడాలున్నాయి. ఫ్యాను ఆపు, భూమిని కాపాడు అని బస్తీ పిల్లకి చెప్పడం కంటే, నీ తప్పు చాలా తక్కువ, దెబ్బ మాత్రం నీకే ముందు తగులుతోంది, ఎందుకో కనుక్కుందాం పద అని చెప్తే ఆ పిల్ల జీవితాంతం మర్చిపోదు.

ఆ దెబ్బ ఎలా తగులుతుందో తెలియాలంటే ఏప్రిల్‌లో మధ్యాహ్నం రేకుల గదిలో పది నిమిషాలు కూర్చుంటే చాలు. హైదరాబాద్‌లో ఎన్నో చిన్న బడులకు పైఅంతస్తు గదులు సిమెంటు రేకులవే. పదకొండు దాటాక ఫ్యాను కింద కూర్చున్నా పైనుంచి వేడి నెత్తి మీద దిగుతుంటుంది, నోట్‌బుక్ మీద చెయ్యి పెడితే చెమట అంటుకుని సిరా అలుక్కుపోతుంది, బాటిల్లో నీళ్లు కాచినట్టు ఉంటాయి, వెనక బెంచీ పిల్లలు గోడకి చెంప ఆనించి చల్లగా ఉందేమో చూసి వెంటనే వెనక్కి తీసుకుంటారు. ఆ గదిలోనే పాఠం మొదలుపెట్టొచ్చు. మామూలు గది థర్మామీటర్ రెండు కొని, ఒకటి రేకుల గదిలో, ఇంకొకటి కింద స్లాబు గదిలో ఒకే ఎత్తున వేలాడదీసి రోజూ తొమ్మిదింటికీ పన్నెండింటికీ రాయించండి. వీలుంటే రేకుల మీద తెల్ల సున్నం వేసి మళ్లీ వారం రాయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది, అయిదేళ్లలో 300 చదరపు కిలోమీటర్ల పైకప్పుల్ని చల్లబరచడం లక్ష్యం. ఆ విధానం ఎందుకు పెట్టారో పిల్లలు పుస్తకంలో చదవక్కర్లేదు, సున్నం వేసిన రేకు కింద వాళ్ల థర్మామీటరే చెప్తుంది.

కొలవడంలో ఇంకో మేలు కూడా ఉంది. ఫోన్‌లో 41 చూపిస్తోంది గానీ బయట 50 ఉన్నట్టుంది అని అందరూ అంటారు. వాతావరణ శాఖ వాళ్లు థర్మామీటర్‌ని నేల నుంచి సుమారు నాలుగడుగుల ఎత్తున, తెల్లరంగు వేసిన, పక్కల గాలి ఆడే చెక్క పెట్టెలో, నీడన పెట్టి కొలుస్తారు, అది గాలి వేడి. తారురోడ్డు వేడి వేరు, ఎండలో మన ఒళ్లు పీల్చే వేడి వేరు. వేపచెట్టు కింద, రోడ్డు పక్కన రెండు చోట్లా నిలబడి చూస్తే చెట్టు విలువ ఏంటో తెలుస్తుంది, మొక్కల పండగ రోజు ఉపన్యాసం వింటే అంత తెలియదు. రాత్రి పదింటికి గోడ మీద చెయ్యి పెట్టి చూడమనండి, పగలు తాగిన వేడిని కాంక్రీటు అప్పుడు కక్కుతుంటుంది. డాబా మీద మంచాలు వేసుకుని పడుకోవడం ఎప్పుడు మానేశారు, ఎందుకు మానేశారు అని అమ్మమ్మనో తాతయ్యనో అడిగి రాసుకు రమ్మనండి. దోమలని ఒకరు చెప్తారు, భయమని ఒకరు, ఉక్క అని ఒకరు, అన్నీ కారణాలే, ఏది శీతోష్ణస్థితిది, ఏది ఊరు పెరగడం వల్ల వచ్చింది అని విడదీయడమే అసలు చదువు.

ఈ విడదీయడం మూసీ కథలో బాగా కనపడుతుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి 15 వేల మంది దాకా పోయారని అంచనా. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారు, ఆ చెట్టు దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్లి, నీళ్లు ఎంత ఎత్తున పోయి ఉంటాయో కొమ్మల్ని చూసి ఊహించమంటే చాలు. ఆ వరద తర్వాత పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్క తీస్తే, మూసీ పరీవాహకంలో 788 చెరువులుంటే 221 తెగిపోయాయని తేలింది. ఆయన సలహా మీదే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. 1908 వరదని గ్లోబల్ వార్మింగ్ ఖాతాలో వేయలేం, అప్పటికి భూమి అంత వేడెక్కలేదు. ఈ మాట పిల్లలకు నిజాయితీగా చెప్పాలి, లేకపోతే ప్రతి వానకీ అదే కారణం అనేస్తారు, ఏదో ఒక రోజు ఎవరో ఇది ఎత్తి చూపితే మొత్తం పాఠమే అబద్ధం అనుకుంటారు.

తర్వాత 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్లు, 2020 అక్టోబరు 13న 19 సెంటీమీటర్ల పైన. ఆ అక్టోబరు రోజు ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్ల దాకా పడింది. బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం తీరం దాటి ఇంత లోపలికి వచ్చి కుమ్మరించింది. సముద్రం వేడెక్కే కొద్దీ ఇలాంటివి ఆవిరిని మరింత మోసుకొస్తాయి, అది శీతోష్ణస్థితి వాటా. పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి పాతబస్తీకి దక్షిణాన కాలనీలు మునగడం, నీళ్లు పోయే దారిలో ఇళ్లు లేవడం, అది మన వాటా. 19.2 సెంటీమీటర్లు అంటే పిల్లలకు అంకె మాత్రమే. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకి ఒక లీటరు, ఆ లెక్కన నూరు గజాల ఇంటి పైకప్పు మీద ఆ ఒక్క రోజు పడింది 16 వేల లీటర్లు, అయిదువేల లీటర్ల ట్యాంకర్లు మూడు నిండుతాయి. మేలో ఒక్క ట్యాంకర్ కోసం బుక్ చేసి రోజుల తరబడి ఎదురు చూసిన ఇంటి పైనుంచే అక్టోబరులో మూడు ట్యాంకర్ల నీళ్లు నాలాలోకి కొట్టుకుపోయాయి అని తెలిశాక ఇంకుడు గుంత గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

భయం గురించి కూడా ఒక మాట. పది దేశాల్లో, మన దేశంతో కలిపి, 16 నుంచి 25 ఏళ్ల పదివేల మందిని అడిగి 2021లో లాన్సెట్ వైద్య పత్రికల్లో ఒకదానిలో వేసిన అధ్యయనంలో 59 శాతం మంది చాలా ఎక్కువగా ఆందోళన పడుతున్నామన్నారు. ప్రళయం బొమ్మలు చూపించి భయపెడితే పిల్లలు రెండు పనులే చేస్తారు, పట్టించుకోవడం మానేస్తారు లేదా లోపల కుంగిపోతారు. చేతికి ఒక పని ఉన్న పిల్లలు వేరు. 2025 వసంతంలో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు కొట్టడం మొదలైనప్పుడు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు నిలబడగలిగారంటే, ఆ నేల మీద ఏ పక్షులు వాలతాయో, ఏ జింకలు తిరుగుతాయో, ఏ బండలు ఎన్నాళ్లవో వాళ్లకు తెలుసు కాబట్టి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ నరికివేతను ఆపించింది. ఆ వివాదంలో ఎవరిది ఒప్పు అన్న వాదన ఎలా ఉన్నా, తెలిసిన చోటు కోసమే మనిషి కదులుతాడు అన్నది అక్కడ కళ్లారా కనపడింది.

పిల్లలకు చెప్తే ఇంట్లో పెద్దలు మారతారా అన్న అనుమానం కూడా అక్కర్లేదు. అమెరికాలోని నార్త్ కరోలినాలో బడి పిల్లలకు ఇలాగే చుట్టుపక్కల సంగతులతో పాఠాలు చెప్పి, తల్లిదండ్రులతో మాట్లాడి రమ్మంటే, ఇంట్లో పెద్దల ఆందోళన కూడా పెరిగిందని 2019లో తేలింది, కూతుళ్లు చెప్తే ఇంకా బాగా వింటున్నారట, ముఖ్యంగా నాన్నలు. మన ఇళ్లలో ఇది చెప్పి నమ్మించాల్సిన సంగతి కాదు.

ఇక టీచర్ ఒక్కరే అన్నీ మోయాలా అంటే, ఈ ఊళ్లో ఉన్నంత దన్ను దేశంలో చాలా నగరాలకు లేదు. సంతోష్‌నగర్‌లో మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రిడా ఉంది, వాన తప్పితే ఏ పంట నిలబడుతుందో చూడటమే వాళ్ల పని. పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది, జొన్న, సజ్జ, కంది, శనగ మీద పనిచేస్తుంది. ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ ఉంది, ఊరి నుంచి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న సముద్రాన్ని అక్కడ కూర్చుని రాత్రింబవళ్లు గమనిస్తుంటారు. బేగంపేటలో వాతావరణ కేంద్రం ఉంది. ఏటా ఎక్స్‌కర్షన్ అంటే ఫిల్మ్ సిటీ, జూపార్కు అని బస్సులు కడుతున్నాం, వాటితో పాటు ఒక ఏడాది అనుమతి అడిగి వీటిలో ఒక్కచోటికి తీసుకెళ్తే, అమ్మ వండే జొన్న రొట్టెకీ పాఠానికీ సంబంధం ఏంటో అక్కడి శాస్త్రవేత్తే తెలుగులో చెప్తారు. రాష్ట్ర ప్రణాళికా విభాగం వాళ్లు పెట్టిన ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాల నుంచి మండలాల వారీగా రోజూ వాన, ఎండ లెక్కలు ఆన్‌లైన్‌లో వస్తాయి, తొమ్మిదో తరగతి పిల్లాడు ఫోన్‌లో తెరిచి తన ప్రాంతం అంకె చూసుకోవచ్చు.

ఖర్చు గురించి ఆలోచించేవాళ్లకి, రెండు థర్మామీటర్లు, ఒక స్కేలు, ఒక లాంగ్ నోట్‌బుక్, అంతే. వానమానిని కొనక్కర్లేదు, పైనుంచి అడుగు దాకా ఒకే వెడల్పు ఉన్న, అడుగు చదునుగా ఉన్న డబ్బా ఏదైనా చెట్టుకీ గోడకీ దూరంగా, గాలికి పడిపోకుండా ఇటుకల మధ్య పెట్టి, పొద్దున ఎనిమిదిన్నరకి స్కేలుతో కొలిస్తే వచ్చిన మిల్లీమీటర్లే ఆ రోజు వాన. వాతావరణ శాఖ కూడా రోజు లెక్క ఎనిమిదిన్నరకే తీస్తుంది, కాబట్టి పిల్లల అంకెని వాళ్ల అంకె పక్కన పెట్టి చూడొచ్చు, తేడా వస్తే ఎందుకొచ్చిందో వెతకొచ్చు. ఎల్బీ నగర్‌లో కుండపోత, కూకట్‌పల్లిలో చుక్క లేదు అన్న రోజులు ఈ ఊళ్లో ఎన్ని ఉంటాయో రెండు బడుల నోట్‌బుక్కులు కలిపితే తెలిసిపోతుంది. డ్యూటీ వంతులవారీగా వేయాలి, ఆదివారం ఎవరు చూస్తారన్నది ముందే రాసిపెట్టుకోవాలి, ఎందుకంటే ఇలాంటివి ఆగిపోయేది ఎప్పుడూ సెలవు రోజునే. జూన్ 12న బడులు తెరుస్తారు, మృగశిర వచ్చి నాలుగు రోజులవుతుంది. ఆ రోజు పొద్దున ప్రార్థన అయ్యాక డబ్బా పెట్టేస్తే, ఆ ఏడాది వానలు సకాలంలో వచ్చాయో లేదో మొదటి పేజీలోనే పడుతుంది.